హైదరాబాద్ పేరు మోసిన విమానాలు – తిరిగిరాని మనుషులు



మన బోధన్‌లో నిజాం పేరు వినని వారుండరు. 2015లో మూతపడిన మన శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలంలో, 1937లో నెలకొల్పినది. మన చెరకుకూ వరికీ నీళ్లిచ్చిన నిజాంసాగర్ 1931లో పూర్తయింది. అదీ ఆయన పాలనలోనే. అయితే అదే నిజాం ఇచ్చిన ఇంకో కానుక సంగతి మాలో చాలామందికి తెలియదు. సాంఘిక శాస్త్రంలో ప్రపంచ యుద్ధాల పాఠం చదివేటప్పుడు మేము దాని గురించి తెలుసుకున్నాము. అది బాంబులు వేసే విమానాల దళం. వాటిమీద 'హైదరాబాద్' అని రాసి ఉండేది. ఆ విమానాలు ఏమయ్యాయి, వాటిలో ఎక్కినవారు ఏమయ్యారు అన్నదే ఈ వ్యాసం.

కానుకగా వచ్చిన దళం

మొదటి ప్రపంచ యుద్ధం 1914 నుండి 1918 వరకు జరిగింది. విమానం పుట్టి అప్పటికి పదిహేనేళ్లు కూడా నిండలేదు. బ్రిటిష్ వారు 1918 ఏప్రిల్ 1న రాయల్ ఎయిర్ ఫోర్స్‌ను ఏర్పాటు చేశారు. అందులోని 110వ స్క్వాడ్రన్‌కు, అంటే 110వ విమాన దళానికి, మొదటగా సమకూర్చిన విమానాల ఖర్చు నిజాం భరించారు. అందుకే ఆ దళానికి '110వ హైదరాబాద్ స్క్వాడ్రన్' అనే పేరు స్థిరపడింది. ప్రతి విమానం మీద అది హైదరాబాద్ నిజాం ప్రభువు బహూకరించినదని రాసి, హైదరాబాద్ పేరుతో ఒక వరుస సంఖ్య వేశారు.

అప్పట్లో మన బోధన్ నిజాం రాజ్యంలోనిదే. ఆ సొమ్ము నవాబుగారి సొంత ఖజానాదైనా, సర్కారు ఖజానాదైనా, రెండింటినీ నింపింది ముఖ్యంగా రైతు కట్టిన భూమిశిస్తే. కాబట్టి ఆ విమానాల రెక్కల్లో మన తాతముత్తాతల చెమట కూడా కొంత ఉందని మేము అనుకుంటున్నాము.

ఆ విమానం పేరు డీహెచ్ 9ఎ. దానికి సుమారు 400 గుర్రాల శక్తిగల అమెరికా ఇంజను ఉండేది. ఇద్దరు ఎక్కేవారు. ముందు పైలట్, వెనుక పరిశీలకుడు. దారి చూడడం, వెనుకనుండి వచ్చే శత్రువు మీద మెషిన్‌గన్ కాల్చడం పరిశీలకుడి పని. పైకప్పు లేదు. పైకి పోయినకొద్దీ ఎముకలు కొరికే చలి. ఆ రోజుల్లో బ్రిటిష్ విమాన సైనికులకు పారాచూట్ కూడా ఇవ్వలేదు. విమానానికి నిప్పంటుకుంటే దూకే దారి లేదు.

ఇది భారీ బాంబర్ కాదు, పగటిపూట దాడి చేసే బాంబర్. కానీ భారీ బాంబర్లైన హాండ్లీ పేజ్ విమానాలు, ఈ హైదరాబాద్ విమానాలు ఒకే సేనలో పనిచేశాయి. దాని పేరు ఇండిపెండెంట్ ఫోర్స్. శత్రువు వెనుక ఉన్న ఊళ్లను, ఫ్యాక్టరీలను, రైల్వే స్టేషన్లను దూరం నుండి వెళ్లి కొట్టడం దాని పని. భారీ విమానాలు రాత్రి వెళ్తే, ఇవి పగలు వెళ్లేవి.

ఒక లారీ చెరకంత బరువు

ఈ దళం 1918 సెప్టెంబరు మొదట్లో ఫ్రాన్స్ చేరింది. యుద్ధం నవంబరు 11న ముగిసింది. అంటే అది పోరాడింది రెండు నెలలే. ఆ కొద్దికాలంలో ఫ్రాంక్‌ఫర్ట్, మాన్‌హైమ్ వంటి జర్మనీ పట్టణాల మీద మొత్తం పదిన్నర టన్నుల బాంబులు వేసింది. అందుకు ఎంత పోగొట్టుకుందో చూడండి. 17 విమానాలు శత్రు భూమి మీదికి వెళ్లి తిరిగిరాలేదు. మరో 28 విమానాలు ప్రమాదాల్లో నుగ్గయ్యాయి. అక్టోబరు 21న ఒక్కరోజే 7 విమానాలు పోయాయి.

పదిన్నర టన్నులంటే ఎంత? మన రోడ్ల మీద కనబడే ఒక లారీ చెరకంత. ఆ ఒక్క లారీ బరువుకు 45 విమానాలు పోయాయి. లెక్క కడితే ఒక్కో విమానానికి రెండున్నర క్వింటాళ్ల బాంబులు కూడా రావు.

ఇంకో సంగతి గమనించాలి. శత్రువు వల్ల పోయిన వాటికంటే ప్రమాదాల్లో పోయినవే ఎక్కువ. పొగమంచు, ఆగిపోయే ఇంజను, దారి తప్పడం, సరిగా చదునుకాని నేల మీద దిగడం — ఇవన్నీ శత్రువులే. యుద్ధమంటే కాల్పులే అని సినిమాల్లో చూస్తాము. కానీ దిగేటప్పుడు బోర్లాపడి పోయిన ప్రాణమూ యుద్ధంలో పోయిన ప్రాణమే.

ఆ విమానాల్లో ఒకటి మాత్రం నేటికీ మిగిలింది. దాని సంఖ్య ఎఫ్ 1010. అది 1918 అక్టోబరు 5న దాడికి వెళ్లి జర్మనీలో దిగవలసి వచ్చింది. కెప్టెన్ ఇంగ్లిస్, సెకండ్ లెఫ్టినెంట్ బాడ్లీ బందీలయ్యారు. జర్మన్లు విమానాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో అది పోలండ్ చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ విమానాన్ని బదులిచ్చి ఇంగ్లాండు దాన్ని తిరిగి తెచ్చుకుంది. రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం దాన్ని బాగుచేయించింది.

రెండవ ప్రపంచ యుద్ధం

హైదరాబాద్ పేరు అక్కడితో ఆగలేదు. 1939 సెప్టెంబరు 3న బ్రిటన్ జర్మనీ మీద యుద్ధం ప్రకటించింది. మరునాడే జర్మన్ యుద్ధనౌకల మీదికి వెళ్లిన బ్లెన్‌హైమ్ బాంబర్లలో 110వ హైదరాబాద్ దళానివి 5 ఉన్నాయి. వాటిలో ఒకటి తిరిగిరాలేదు. వెంట దాడి చేసిన 107వ దళం నుండి 5 వెళ్తే 4 రాలేదు. అంటే రెండు దళాలవి కలిపి పదింట సగం మొదటి రోజే పోయాయి.

తర్వాత బాంబర్లు పెద్దవయ్యాయి. డీహెచ్ 9ఎలో ఇద్దరు, బ్లెన్‌హైమ్‌లో ముగ్గురు. నాలుగు ఇంజన్ల లాంకాస్టర్‌లో ఏడుగురు, అమెరికా వారి బి-17లో పదిమంది. విమానం పెరిగినకొద్దీ ఒక్కటి కూలితే దీపం ఆరే ఇళ్లూ పెరిగాయి. ఇప్పుడు పారాచూట్లు ఉన్నాయి. కానీ లాంకాస్టర్‌లో దూకే ద్వారం ఇరుకు. చీకట్లో, గిరగిర తిరుగుతూ పడిపోయే విమానంలో దాని దగ్గరికి చేరేలోపే చాలామంది ప్రాణాలు పోయేవి.

1943 అక్టోబరు 14న జర్మనీలోని ష్వైన్‌ఫుర్ట్ బేరింగుల ఫ్యాక్టరీల మీదికి 291 అమెరికా బి-17లు బయలుదేరాయి. 60 తిరిగిరాలేదు. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీదికి 795 బ్రిటిష్ బాంబర్లు వెళ్లాయి. తెల్లవారేసరికి 95 పోయాయి.

ఒక చిన్న లెక్క

బ్రిటిష్ బాంబర్ సైనికుడు 30 దాడులకు వెళ్లివస్తే ఒక విడత పూర్తయినట్లు. అప్పుడు విశ్రాంతి ఇచ్చేవారు. ఒక్కో దాడిలో నూటికి 4 విమానాలు పోతాయనుకుందాం. 1943-44 చలికాలంలో బెర్లిన్ మీద జరిగిన దాడుల్లో నష్టం నూటికి 5 దాకా ఉండింది, కాబట్టి ఇది కల్పించిన అంకె కాదు. నాలుగే కదా, తొంభై ఆరు వచ్చేస్తాయి కదా అనిపిస్తుంది. కానీ చక్రవడ్డీ లెక్కను తిరగేసి చేయండి. 100 విమానాలు బయలుదేరితే,

మొదటి దాడి తర్వాత 96 మిగులుతాయి.
పది దాడుల తర్వాత సుమారు 66.
ఇరవై దాడుల తర్వాత సుమారు 44.
ముప్పై దాడుల తర్వాత సుమారు 29.

అంటే ముప్పై పూర్తిచేసేది నూటికి ముప్పై కూడా కాదు. ఈ లెక్క నోటుపుస్తకంలో చేసినప్పుడు మాకు భయం వేసింది. ఆ సైనికులకూ ఈ లెక్క తెలుసు. తెలిసే మళ్లీ మళ్లీ ఎక్కారు.

బ్రిటిష్ బాంబర్ కమాండ్‌లో పనిచేసిన విమాన సైనికులు సుమారు 1,25,000 మంది. అందరూ స్వచ్ఛందంగా చేరినవారే. వారిలో 55,573 మంది చనిపోయారు. సుమారు నూటికి 44 మంది. సగటు వయసు ఇరవై రెండు దరిదాపు. మన హాస్టల్‌లో చదివి డిగ్రీకి వెళ్లిన అన్నల వయసే.

మన హాస్టల్‌లో సాయంత్రం హాజరు తీసుకుంటారు. ఎవరైనా పలకకపోతే ఊరెళ్లాడనో, జ్వరమనో తెలుస్తుంది. వాళ్ల బారకాసుల్లో తెల్లవారి ఏడు మంచాలు ఒక్కసారే ఖాళీగా ఉండేవి. వాళ్ల పెట్టెలు సర్ది ఇళ్లకు పంపించేవారు. ఆ మంచాల్లోకి కొత్త కుర్రవాళ్లు వచ్చేవారు. హాస్టల్‌లో ఉండేవాళ్లం కనుక ఖాళీ మంచం అంటే ఏమిటో మాకు కొంచెం తెలుసు.

కింద ఉన్నవారు

పైన చనిపోయినవారి గురించే చెప్పి ఊరుకుంటే పాఠం సగమే. 1943 జులైలో హాంబర్గ్ పట్టణం మీద బాంబులు వేస్తే పుట్టిన మంటల్లో వేలవేల మంది ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలు మాడిపోయారు. తెలుగువారికీ ఆ భయం తెలుసు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. విమానం ఎక్కినవాడి తల్లి ఏడ్చింది. బాంబు పడిన ఇంటి తల్లీ ఏడ్చింది.

మేము నేర్చుకున్నది

నష్టాన్ని విమానాల్లో లెక్కపెడితే మనుషులు కనబడరు. '95 విమానాలు' అంటే ఒక అంకె. వాటిలో ఎక్కినవారిని ఏడేసి మంది చొప్పున గుణిస్తే ఆరువందలు దాటుతుంది. కొందరు బందీలయ్యారు, చాలామంది చనిపోయారు. కాబట్టి ఇలాంటి పాఠం చదివేటప్పుడు ప్రతి అంకెనూ మనుషులతో గుణించి చదవాలని మేము అనుకున్నాము.

లండన్ దగ్గర రన్నీమీడ్‌లో ఒక స్మారకం ఉంది. సమాధి కూడా దొరకని 20,000కు పైగా విమాన సైనికుల పేర్లు అక్కడ రాతిలో చెక్కారు. చనిపోయినవారి కోసం బతికినవారు చేయగలిగింది అంతే, పేరు మరవకుండా ఉండడం.

మన హైదరాబాద్ విమానాల మీద ఇచ్చినవారి పేరు రాశారు. ఎక్కినవారి పేరు రాయలేదు. శిస్తు కట్టిన రైతు పేరూ రాయలేదు. నిజాంసాగర్ నీళ్లను చూసినప్పుడు, శక్కర్‌నగర్ పొగగొట్టాన్ని చూసినప్పుడు కట్టించిన ప్రభువు పేరు మనకు వెంటనే గుర్తొస్తుంది. రాళ్లు మోసినవారు, చెరకు నరికినవారు, దూరదేశపు ఆకాశంలో కాలిపోయినవారు కూడా చరిత్రలోని మనుషులే. పరీక్షలో వారి పేర్లు అడగరు. అయినా వారూ ఉన్నారని మనం తెలుసుకొని ఉండాలి.