కలపకండి... కలిపి చూడండి!

ఉపగ్రహ పటాల టైల్స్ (పలకలు) అన్నీ దించుకున్నారు. ఫోల్డర్ నిండింది. పని మాత్రం మొదలవలేదు. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "ముందు అన్నింటినీ ఒకే ఫైల్‌గా కలపాలండీ, ఆ తర్వాతే ఏదైనా." కలపడానికి డిస్కులో చోటు చాలదు. కొత్త హార్డ్ డిస్కు కోసం కాగితం పెడతారు. ఆ కాగితం మీద సంతకం అయ్యేదాకా చేతులు కట్టుకుని కూర్చుంటారు.

జీఐఎస్ (కంప్యూటర్ పటాల) రంగంలో అడుగుపెట్టిన కుర్రకారులోనే కాదు, వాళ్లకు పాఠం చెప్పే పెద్దవాళ్లలోనూ ఈ జబ్బు ఉంది. దీన్ని కంప్యూటర్ సమస్య అనుకుంటారు గానీ ఇది మనిషి సమస్య. సరంజామా అంతా ఒక్కచోట పోగుపడితే తప్ప పనికి కూర్చోలేని అలవాటు ఇది. పుస్తకాలన్నీ కొన్నాకే గ్రూప్స్‌కు చదువుతాననేవాళ్లు, పేపర్లన్నీ దింపుకున్నాకే థీసిస్ మొదటి అధ్యాయం రాస్తాననేవాళ్లు ఈ కోవవాళ్లే. వాళ్ల సంగతి ఎలా ఉన్నా, మీ జబ్బుకు మాత్రం ఒక్క లైనులో మందుంది.

ఆ మందు పుట్టింది జీడాల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో. ఫ్రాంక్ వార్మర్‌డామ్ అనే కెనడా ప్రోగ్రామర్ 1998లో దీన్ని మొదలుపెట్టాడు. ఉపగ్రహ చిత్రం, ఎత్తుల పటం, స్కాన్ చేసిన పాత మ్యాపు ఏ ఫార్మాట్‌లో ఉన్నా చదవడం, మార్చడం దీని పని. మీరు రోజూ తెరిచే క్యూజీఐఎస్ లోపల రాస్టర్లను చదివేది ఇదే. దీనితో వచ్చే కమాండ్లలో ఒకటి జీడాల్‌బిల్డ్‌వీఆర్‌టీ. ఇంగ్లిష్ చిన్న అక్షరాలతో, మధ్యలో ఖాళీ లేకుండా, ఒకే పదంగా టైప్ చేయాలి. ఆ పదం, ఒక ఖాళీ, పుట్టబోయే వీఆర్‌టీ (వర్చువల్ రాస్టర్) ఫైల్ పేరు, ఇంకో ఖాళీ, కలపాల్సిన ఫైళ్ల పేర్లు. ఎంటర్ కొట్టండి. అంతే.

తెలంగాణ ఎత్తుల పటం కావాలనుకుందాం. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ స్పేస్ షటిల్ రాడార్‌తో భూమిని కొలిచింది. ఆ ఎస్‌ఆర్‌టీఎం సమాచారం ఒక డిగ్రీ పొడవు, ఒక డిగ్రీ వెడల్పు ఉన్న పలకలుగా దొరుకుతుంది. పలక నైరుతి మూల ఏ అక్షాంశ రేఖాంశాల మీద ఉందో అదే దాని పేరు. హైదరాబాద్ ఉన్న పలక ఎన్17ఈ078. సుమారు 30 మీటర్ల రకంలో ఒక్కో పలకకు అటు 3,601, ఇటు 3,601 పిక్సెళ్లు, ఒక్కో పిక్సెల్‌కు రెండు బైట్లు. వెరసి పలకకు 26 ఎంబీ. తెలంగాణ 15వ అక్షాంశం నుంచి 20 లోపు, 77వ రేఖాంశం నుంచి 82 లోపు ఇముడుతుంది కాబట్టి అయిదు వరుసల్లో అయిదేసి చొప్పున 25 పలకలు కావాలి. (దక్షిణపు వరుస మొత్తం అలంపూర్ వైపు కొస కోసమే!) మొత్తం 650 ఎంబీ. వీటిని నిజంగానే కలిపితే ఇంకో 650 ఎంబీ ఫైల్ తయారవుతుంది. వీఆర్‌టీ చేస్తే కొన్ని కిలోబైట్లతో సరి.

ఆ కాస్త ఫైల్‌లో ఏముంటుంది? నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, సాదా ఎక్స్ఎంఎల్ రాతే కనిపిస్తుంది. ఫలానా ఫైల్ ఫలానా ఫోల్డర్‌లో ఉంది, అందులోని ఇంత భాగాన్ని పెద్ద పటంలో ఫలానా చోట చూపించు అని ఒక్కో పలకకు కొన్ని లైన్లు. చిత్రం అందులో లేనే లేదు. మీ ఊరి పహణీ చూశారుగా. ఏ సర్వే నంబరు ఎంత విస్తీర్ణం, ఎవరి సాగులో ఉందో రాసుంటుంది. పహణీ రాయడం కోసం ఎవరూ పొలాలను తవ్వి తహసీల్దారు ఆఫీసుకు మొయ్యరు. మన వాళ్లు హార్డ్ డిస్కులు మార్చి మార్చి చేస్తున్నది సరిగ్గా ఆ మోత పనే.

నల్ల తెర భయం

"సార్, నాకు కమాండ్ లైన్ రాదు." ఈ మాట అనేవాళ్లలో సగం మంది దాన్ని ఒక్కసారైనా తెరిచి ఉండరని నా అనుమానం. విండోస్‌లో క్యూజీఐఎస్‌తో పాటే ఓఎస్‌జియో4డబ్ల్యూ షెల్ వస్తుంది. అందులో జీడాల్ సిద్ధంగా ఉంటుంది. అప్పటికీ జంకుగా ఉంటే దొడ్డిదారి ఒకటి చెబుతాను. క్యూజీఐఎస్ రాస్టర్ మెనూలో వర్చువల్ రాస్టర్ తయారుచేసే కిటికీ తెరిచి, మౌస్‌తోనే ఫైళ్లు ఎంచుకోండి. కిటికీ అడుగున అది నడపబోయే కమాండ్ అక్షరం పొల్లుపోకుండా కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి నల్ల తెరలో అతికించండి. ఇంగ్లిష్ రాదని భయపడేవాడు ఎదుటివాళ్ల మాటలు వినీ వినీ నేర్చుకున్నట్టే దీన్నీ చూసీ చూసీ నేర్చుకోవచ్చు. నాలుగోసారికి మౌస్ అడ్డం అనిపిస్తుంది.

ఫైళ్లు ఎక్కువైతే పేర్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో లైనుకొకటి చొప్పున రాసి, ఇన్‌పుట్ ఫైల్ లిస్ట్ అనే ఆప్షన్‌తో ఆ జాబితానే ఇచ్చేయండి. ఆ జాబితాను, నడిపిన కమాండ్‌ను డేటా పక్కనే దాచుకోండి. మౌస్ క్లిక్కులకు ఆనవాలు ఉండదు. ఆరు నెలల తర్వాత ఈ పటం ఎలా చేశావని పైఅధికారి అడిగితే బుర్ర గోక్కోవాల్సి వస్తుంది. టైప్ చేసిన లైను మీ తరఫున సాక్ష్యం చెబుతుంది. ఉద్యోగంలో మంచి పేరు రావడానికి తెలివితేటల కంటే ఈ ఒక్క అలవాటే ఎక్కువ అక్కరకొస్తుందని నా లెక్క.

నూరు శాతం అంటే నూరు శాతం కాదు

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. కమాండ్ నడుస్తుంటే తెర మీద సున్నా, పది, ఇరవై అంటూ అంకెలు పరిగెత్తి నూరు దగ్గర ఆగుతాయి. చాలామంది అక్కడే లేచి టీకి వెళ్లిపోతారు. పైన ఒక లైను "వార్నింగ్" అని అరుస్తుంటుంది. దాన్ని చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

ఆ అరుపు దేనికంటే, జీడాల్‌బిల్డ్‌వీఆర్‌టీ ఒకే ప్రొజెక్షన్‌లో ఉన్న ఫైళ్లనే కలుపుతుంది. వేరే ప్రొజెక్షన్ ఫైల్ కనబడితే దాన్ని పక్కన పెట్టి, పెట్టానని ఒక్క మాట చెప్పి, మిగతా పని ముగిస్తుంది. బ్యాండ్ల సంఖ్య తేడా వచ్చినా అంతే. ఎస్‌ఆర్‌టీఎం పలకలతో ఈ చిక్కు రాదు, అవి అన్నీ అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంటాయి. ఐరోపా వాళ్ల సెంటినల్-2 చిత్రాలతో వస్తుంది. అవి యూటీఎం జోన్లలో ఉంటాయి. 78వ రేఖాంశానికి పడమర 43వ జోన్, తూర్పున 44వ జోన్. అంటే హైదరాబాద్ 44లో, జహీరాబాద్ 43లో. ఆంధ్రప్రదేశ్‌లో అయితే మూడు జోన్లు: అనంతపురం 43, విజయవాడ 44, 84వ రేఖాంశం దాటిన ఇచ్ఛాపురం 45. రాష్ట్రం మొత్తం చిత్రాలను కమాండ్‌కు అప్పగించి కళ్లు మూసుకుంటే ఒక అంచు గల్లంతవుతుంది. నూరు శాతం పూర్తయిందని తెర చెబుతూనే ఉంటుంది.

ముందుగా జీడాల్‌వార్ప్‌తో అన్నింటినీ ఒక ప్రొజెక్షన్‌లోకి తెచ్చుకోవాలి. ఆ మార్పును కూడా వీఆర్‌టీగానే రాయించవచ్చు, అప్పుడూ డిస్కు నిండదు. ఇక జీడాల్ కొత్త వెర్షన్లలో స్ట్రిక్ట్ అనే ఆప్షన్ ఉంది. అది పెడితే తేడా కనబడగానే కమాండ్ ఆ ఫైల్‌ను పక్కన పెట్టి సాగిపోకుండా ఆగిపోతుంది. దాన్ని ఎప్పుడూ పెట్టండి. సర్దుకుపోయే సహాయకుడి కన్నా మొహం మీద చెప్పి ఆగిపోయేవాడే మేలు. మీ టీములో అలాంటివాళ్లు ఉంటే వాళ్లనూ విసుక్కోకండి.

తనిఖీకి జీడాల్‌ఇన్ఫో ఉంది. తెలంగాణ 25 పలకల వీఆర్‌టీ కొలత ఎంత రావాలి? అయిదు 3,601లు 18,005 అనుకుంటారు. రాదు. పక్కపక్క పలకలు ఒక్కో వరుసను పంచుకుంటాయి, నాలుగు అతుకుల దగ్గర నాలుగు తగ్గి 18,001 వస్తుంది. కమాండ్ నడపకముందే ఈ లెక్క వేసి కాగితం మీద రాసి పెట్టుకోండి. జవాబు ఎంత రావాలో ముందే తెలిసినవాడిని కంప్యూటర్ మోసం చేయలేదు.

మీరు చెప్పకపోతే అది చెబుతుంది

వేర్వేరు స్పష్టత ఉన్న చిత్రాలను కలిపితే పుట్టే పటం పిక్సెల్ ఎంతుండాలి? మీరు నోరు విప్పకపోతే కమాండ్ సగటు తీసుకుంటుంది. సెంటినల్-2లో కొన్ని బ్యాండ్లు 10 మీటర్లవి, కొన్ని 20 మీటర్లవి. చెరొకటి తీసుకుని సెపరేట్ ఆప్షన్‌తో విడివిడి బ్యాండ్లుగా పేరిస్తే 15 మీటర్ల పిక్సెల్ వస్తుంది. అసలు ఉపగ్రహం కొలవని కొలత అది! ఇద్దరినీ నొప్పించకూడదని మధ్యేమార్గం పట్టి ఇద్దరికీ పనికిరాకుండా పోవడమంటే ఇదే. రిజొల్యూషన్ అనే ఆప్షన్‌లో హైయెస్ట్ కావాలో లోయెస్ట్ కావాలో మీరే తేల్చి చెప్పండి.

ఒకదాని మీద ఒకటి పడే చోట జాబితాలో చివర ఉన్న ఫైలే పైన కనిపిస్తుంది. కాబట్టి మబ్బులు లేని మంచి చిత్రం పేరు చివర రాయండి. వరుసలో ముందుండటమే గొప్ప అనుకునే మనకు ఇది కాస్త తిరకాసే.

ఇంతకన్నా లోతైనది నోడేటా సంగతి. ల్యాండ్‌శాట్ చిత్రం ఏటవాలుగా ఉంటుంది, నాలుగు మూలలా నల్లటి ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ విలువ సున్నా. అది ఖాళీ అని ఫైల్‌లో నమోదై లేకపోతే, మీరూ చెప్పకపోతే, ఆ నలుపు కింద ఉన్న చిత్రాన్ని కప్పేస్తుంది. ఎస్‌ఆర్‌సీనోడేటా ఆప్షన్‌తో సున్నాను ఖాళీగా లెక్కపెట్టమని చెబితే నలుపు తొలగిపోతుంది. బాగుంది కదా అని ఇదే మంత్రాన్ని ఎత్తుల పటం మీద ప్రయోగించారనుకోండి, కాకినాడ తీరంలో నిజంగానే సున్నా మీటర్ల ఎత్తున్న నేల మాయమవుతుంది! ఎస్‌ఆర్‌టీఎంలో కొలత దొరకని చోట రాసేది మైనస్ 32,768. దాన్ని ఖాళీగా గుర్తించకుండా సగటు తీస్తే కొండ ప్రాంతం కూడా పాతాళానికి దిగిపోతుంది. సున్నా ఉందా, సమాచారం లేదా అన్నది ప్రతి డేటాకూ విడిగా అడగాల్సిన ప్రశ్న. మీటింగులో తెలియని దానికి "ఏమీ లేదు సార్" అని చెప్పేవాళ్లు కూడా ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

వీఆర్‌టీకి హద్దులున్నాయి, అవీ వినండి. అసలు ఫైళ్ల పేరు మార్చినా, చోటు మార్చినా అది గుడ్డిదవుతుంది. మొత్తం ఫోల్డర్‌ను కదిపితే పరవాలేదు, ఒక్కదాన్నే కదిపితే చెడింది. నాలుగు కిలోబైట్ల వీఆర్‌టీని మెయిల్‌లో పంపి, "పటం పంపాను, చూడండి" అని ఫోన్ చేసేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఒకరుంటారు. అవతలివాళ్లకు తెల్ల కాగితం కూడా కనబడదు. బయటికి పంపేటప్పుడు జీడాల్‌ట్రాన్స్‌లేట్‌తో కుదించిన జియోటిఫ్‌గా మార్చి పంపండి. కలపాల్సిన సమయం అది, పని పూర్తయ్యాక. పెద్ద పటం తెరుచుకోవడం నిదానిస్తుంటే జీడాల్‌యాడో నడపండి, తక్కువ స్పష్టత నకళ్లు పక్కన ఫైల్‌లో తయారవుతాయి. 2025లో వచ్చిన 3.11 వెర్షన్ నుంచి ఇదంతా జీడాల్ రాస్టర్ మొజాయిక్ అనే కొత్త రూపంలోనూ దొరుకుతోంది. పాతది కూడా పనిచేస్తుంది కాబట్టి కొత్తది నేర్చుకున్నాకే మొదలుపెడతానని మళ్లీ వాయిదా వేయకండి.

ఈ సాయంత్రమే నాసా వెబ్‌సైట్‌లో ఉచిత ఖాతా తెరిచి నాలుగు పలకలు దించుకోండి: ఎన్17ఈ078, ఎన్17ఈ079, ఎన్16ఈ078, ఎన్16ఈ079. హైదరాబాద్, వరంగల్, శ్రీశైలం, నాగార్జునసాగర్ వాటిలో ఒక్కోదానిలో ఒక్కొక్కటి ఉన్నాయి. వీఆర్‌టీ కట్టి, జీడాల్‌ఇన్ఫోతో కొలత చూడండి. అటు 7,201, ఇటు 7,201 రావాలి. రాకపోతే తెర పైకి జరిపి, వార్నింగ్ లైను చదవండి.