దారి ఖర్చు నీ దగ్గరే ఉండాలి చెల్లీ

మైత్రీవనం దగ్గర కోర్సు పూర్తయింది. ఉద్యోగంలో చేరేలోపు ఒక ఏడాది పల్లెల్లో పనిచేసి వస్తానంటున్నావు. అమీర్‌పేట హాస్టల్లో నీ గది అమ్మాయిలూ నీతో వస్తామంటున్నారు. అమ్మేమో "గ్యాప్ వస్తే ఇంటర్వ్యూలో ఏం చెప్తావే?" అని ఒకటే పోరు. ఆ సంగతి అమ్మతో నెమ్మదిగా తేల్చుకుందువుగానీ, నాకు చెప్పాలనిపిస్తున్నది వేరే ఉంది. ఒకచోట పని ముగించుకుని ఇంకోచోట మొదలుపెట్టే మధ్యలో మీరంతా కలిసి చేసే ప్రయాణం గురించి. స్నేహాలు చెడేదీ అక్కడే, గట్టిపడేదీ అక్కడే.

నువ్వు ఎంచుకున్న ఊళ్లు నాకు చాలా నచ్చాయి. మొదట జహీరాబాద్ దగ్గర పస్తాపూర్. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ 1983 నుంచి ఆ చుట్టుపక్కల పేద దళిత మహిళల సంఘాలతో పనిచేస్తోంది. ఒకే చేలో జొన్న, కంది, కొర్ర, ఇంకా ఎన్నో కలిపి పండించే ఆడవాళ్లు, విత్తనం కొనకుండా దాచుకునే ఆడవాళ్లు, 2008 నుంచి సొంత రేడియో నడుపుతున్న ఆడవాళ్లు! ఆ తర్వాత అనంతపురం దాటి చెన్నేకొత్తపల్లి. అక్కడ టింబక్టు కలెక్టివ్ 1990లో 32 ఎకరాల బీడు నేలతో మొదలైంది. ఈ రెండుచోట్లా ముందుగా రాసి, ఏ పనికి, ఎన్నాళ్లకి రమ్మంటారో అడిగి, వాళ్లు సరేనంటేనే బయల్దేరు. చెప్పకుండా వెళ్లి గుమ్మంలో నిలబడితే వాళ్ల పని ఆపించిన వాళ్లమవుతాం.

పస్తాపూర్ నుంచి మళ్లీ సిటీకే వస్తారు కదా. బట్టలుతుక్కుని, రెండు రాత్రులు కంటినిండా నిద్రపోండి. పంజాగుట్టలో కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకుంటూ పోదామని మీలో ఒకమ్మాయి అంటోందట. వద్దు. చెన్నేకొత్తపల్లి దాకా జాతీయ రహదారి 44 మీద నాలుగొందల కిలోమీటర్ల దాకా ఉంటుంది. లైసెన్సు ఉన్న ఒక్క పిల్ల నడుం విరుగుతుంది, మిగతావాళ్లు ఆమె మూడ్‌కి లోబడి కూర్చోవాలి. పైగా కార్లో ఎవరికైనా దిగిపోవాలనిపిస్తే దిగడానికి ఉండదు. మీ హాస్టల్ దగ్గర మెట్రో ఎక్కితే ఎర్ర లైను నేరుగా ఎంజీబీఎస్‌లో దింపుతుంది. అక్కణ్నుంచి బస్సులే. బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన, కర్నూల్లో ఉగ్గాని బజ్జీ, గుత్తి కోట, అన్నీ దారిలోనే ఉన్నాయి.

బస్సనగానే ఒక చిక్కు వస్తుంది, ముందే చెప్తున్నా. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి ఉచితం. ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో అలాంటి ఉచిత ప్రయాణమే వచ్చింది. రెండిటికీ ఆ రాష్ట్రం చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించాలి. మీ గుంపులో కరీంనగర్ పిల్లా ఉంది, గుంటూరు పిల్లా ఉంది. అలంపూర్ చౌరస్తా దాకా ఒకరికి జీరో టికెట్, ఇంకొకరికి డబ్బులు. కర్నూల్లో దిగి ఆంధ్రా ఎక్స్‌ప్రెస్ ఎక్కాక తారుమారు. "నీకు ఫ్రీయే కదా, టిఫిన్ నువ్వు పెట్టు" అని నవ్వులాటకి అన్నదే సాయంత్రానికి ముల్లై గుచ్చుకుంటుంది. అందుకని మొత్తం దారిలో పడే ఛార్జీలన్నీ కలిపి, ఎవరి కార్డు ఏదైనా సరే, సమానంగా పంచుకోండి.

ఉమ్మడి డబ్బు ఎలా నడపాలో మన పొదుపు సంఘాలను చూసి నేర్చుకో. అనంతపురం పల్లెల్లో అక్షరం రాని అవ్వ కూడా మీటింగులో లెక్క చదివించుకుని విన్నాకే వేలిముద్ర వేస్తుంది. డబ్బు ఒకరి దగ్గర, పుస్తకం ఇంకొకరి దగ్గర పెట్టుకుని, రోజూ రాత్రి పడుకునే ముందు అందరూ వినేలా చదువుకోండి.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చెప్తా విను. ఆ ఉమ్మడి సంచిలో కలపకుండా, ఇంటికి తిరిగొచ్చే ఛార్జీ, ఒక రాత్రి గది అద్దె, రెండు పూటల భోజనం ఖర్చు ప్రతి అమ్మాయి దగ్గరా విడిగా ఉండాలి. ఫోన్లో కాదు, నోట్లుగా. ఛార్జింగ్ అయిపోయిన ఫోను టికెట్ కొనదు. స్నేహితురాలికి తక్కువైనా అది తీయొద్దు. ఒంట్లో బాగాలేకపోవచ్చు, నెలసరి నొప్పి కావచ్చు, గుంపులో మాట పడలేకపోవచ్చు. మీలో ఎవరైనా "నేను వెనక్కి వెళ్తా" అంటే కారణం గుచ్చిగుచ్చి అడగొద్దు, బస్సెక్కించి నంబరు రాసుకోండి. వెళ్లిపోగలనని తెలిసిన పిల్ల ధైర్యంగా ఉండిపోతుంది. చేతిలో డబ్బు లేక ఉండిపోయిన పిల్ల లోపల కుళ్లికుళ్లి ఏడుస్తుంది. పెళ్లిళ్లలో కూడా చూస్తున్నాం కదమ్మా ఇది.

దారిలో పాటలు పాడుకోండి, ఫోటోలు దిగండి. మధ్యలో ఒక్కసారి మాత్రం పస్తాపూర్ గురించి నిజాయితీగా మాట్లాడుకోండి. మనం వాళ్లకి ఏం చేశాం, మన కోసం వాళ్లు ఎన్ని రొట్టెలు ఎక్కువ కొట్టారు, కలుపు తీయడం రాని మనకు నేర్పడానికి వాళ్ల కూలి గంటలు ఎన్ని పోయాయి అని. పనిలో ఉండగా ఆ ఆలోచన రాదు, కొత్త ఊళ్లో దిగాక తీరిక ఉండదు.

వచ్చే ఏడాది విదేశంలో ఇలాగే తిరగాలని కూడా ఉందన్నావు. ఆస్ట్రేలియా 2024లో మనవాళ్లకి వర్క్ అండ్ హాలిడే వీసా తెరిచింది. 18 నుంచి 30 ఏళ్లవాళ్లకి, ఏడాదికి 1,000 మందికి, అదీ లాటరీలో. టూరిస్టు వీసా మీద వెళ్లి జీతం లేని పనే కదా అని చేస్తే చాలా దేశాల్లో అదీ తప్పే. ఏజెంటు "ఏం కాదు మేడం" అన్నా నమ్మకు, ఆ దేశం ఎంబసీ రాసింది చదువు. అక్కడికి వెళ్లినా తిరుగు ఛార్జీ సంగతి మారదు, మొత్తమే పెద్దదవుతుంది.

ఇక అమ్మకి ఒక కాగితం రాసివ్వు. రెండు సంస్థల ఆఫీసు నంబర్లు, ఏ రోజు ఏ ఊళ్లో ఉంటావో, నీతో వచ్చే అమ్మాయిల ఇళ్ల నంబర్లు. నీ ఫోన్లో అత్యవసర నంబరు 112, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉంచుకో. బయల్దేరే ముందు మీ అమ్మలందరినీ ఒక ఆదివారం హాస్టల్‌కి పిలిచి టీ ఇప్పించు. వాళ్ల మధ్య పరిచయం కుదిరితే రోజుకి ఒక్క ఫోన్ చాలు, ఒకరికి చెప్తే అందరికీ చేరుతుంది.