కణముల పోటీ

మన దేశమున శిశువునకు 6, 10, 14 వారముల వయసున ధనుర్వాతమును నివారించు టీకా వేయుదురు. పెరిగిన పిమ్మటను మరల వేయుదురు. ఒకసారి వేసిన చాలదా? ఇందులకు సమాధానము మన దేహములో జరుగు ఒక పోటీలో నున్నది.

ఎముకల మజ్జలో పుట్టు తెల్ల రక్తకణములలో బి-కణములు ఒక జాతి. ప్రతి బి-కణమునకు పైపొరయందు పరపదార్థమును పట్టుకొను గ్రాహకములు కలవు. ఒక కణపు గ్రాహకమువంటిది వేరొక కణమున నుండుట అరుదు. దేహమున జొచ్చిన పదార్థమునకు సరిపడు గ్రాహకము గల కణములే మేల్కొని వృద్ధిపొందునని ఆస్ట్రేలియా దేశపు శాస్త్రజ్ఞుడు మాక్‌ఫార్లేన్ బర్నెట్ 1957లో ప్రతిపాదించెను.

మేల్కొన్న కణములలో కొన్ని లింఫు గ్రంథులలో గుంపుగూడును. ఆ నెలవులకు బీజకేంద్రములని పేరు. అచ్చట అవి త్వరత్వరగా విభజన చెందును. అప్పుడు గ్రాహకమును నిర్మించు జన్యువులలో మార్పులు కలుగును. కొన్ని మార్పులు మేలు చేయును. పెక్కు మార్పులు నిష్ఫలములు. కావున పరీక్ష అవసరమగుచున్నది.

బి-కణము పరపదార్థమును గ్రహించి, ముక్కలుచేసి, టి-కణమునకు చూపవలెను. గట్టిగా పట్టగలిగినది ఎక్కువ చూపును. దానికే టి-కణము సాయపడును. సాయము చేయునవి కొన్ని, కోరునవి పెక్కు. సాయము దొరకనిది నశించును. నెగ్గినది మరల విభజన చెంది, మరల పరీక్షకు వచ్చును. నెగ్గినవాని సంతతి పుట్టించు ప్రతిరక్షకములు పరపదార్థమును కప్పివేయుటచే, పోనుపోను పరీక్ష కఠినమగును.

ఈ పోటీకి కట్టుబాటు లేకున్న ముప్పు కలదు. సొంత దేహమునే శత్రువుగా నెంచు కణము పుట్టవచ్చును. అట్టిదానికి సాధారణముగా సాయము లభింపదు. నియంత్రక టి-కణములును దానిని అణచుటకు తోడ్పడును. అయినను దేహము ఒక్క విజేతనే నమ్ముకొనదు. పట్టు కొంత తక్కువైన వానిని గూడ జ్ఞాపక కణములుగా నిలుపుకొనును. రోగక్రిమి రూపు మార్చుకొని వచ్చినచో అవి అక్కరకు వచ్చును.

మరల టీకా వేసినప్పుడు జ్ఞాపక కణములు వెంటనే మేల్కొనును. పోటీయు క్రొత్తగా సాగును. అందుచే రక్షణ బలపడును.

ధనుర్వాతము సోకి బ్రతికినవానికి ఆ రోగము మరల రావచ్చును. ప్రాణము దీయగల ఆ విషము మిక్కిలి స్వల్పమగుటచే బి-కణములను చాలినంతగా మేల్కొల్పజాలదు. టీకాలో నిరపాయముగా చేసిన విషము తగినంత యుండును. కావున రోగము నేర్పని పాఠమును టీకా నేర్పుచున్నది. సూదిని చూచి బాలబాలికలు వెనుదీయరాదు.