తుఫాను వానలో సముద్రం ఉంటుంది చెల్లీ!

చెల్లెమ్మలూ, అక్టోబరు, నవంబరు వచ్చాయంటే మన కోస్తా ఆడవాళ్లకి ఒక కన్ను పొయ్యి మీద, ఇంకో కన్ను టీవీ మీద. వాయుగుండం అన్న మాట వినపడగానే కొవ్వొత్తులూ, అగ్గిపెట్టెలూ, పప్పులూ సర్దేసుకుంటాం. కరెంటు పోయి మోటారు ఆగిపోతే చూరు కింద బిందె పెట్టేస్తాం, ఆకాశం నుంచి పడేవి మంచినీళ్లే కదా అని. ఆ బిందె గురించే ఈ పూట నా ముచ్చట.

సముద్రపు నీరు లీటరు తీసుకుంటే సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. నదులు వచ్చి కలిసే మన బంగాళాఖాతంలో కాస్త తక్కువ. అల విరిగినప్పుడల్లా నురగలోని బుడగలు చిట్లి సన్నటి తుంపర లేస్తుంది. తుఫాను గాలికైతే అల కొసలే తెగి ఎగిరిపోతాయి. ఆ తుంపరలో నీరు ఆవిరై, ఉప్పు రేణువులు గాలిలో మిగులుతాయి. ఉప్పుకి తేమని పీల్చుకునే గుణం ఉంది కదా, మేఘంలో ఆ రేణువుల చుట్టూ చినుకులు కడతాయి. కింద తేలుతున్న రేణువుల్ని పడే వాన కడిగి తెస్తుంది.

అందుకే తీరంలో వాన నీటిని పరీక్షిస్తే సోడియం, క్లోరైడు, మెగ్నీషియం, సల్ఫేటు కనపడతాయి. సముద్రంలో క్లోరైడు బరువు సోడియానికి 1.8 రెట్లు. వానలోనూ దాదాపు అదే లెక్క వస్తే ఆ ఉప్పు కడలిదే. సల్ఫేటు మాత్రం ఆ లెక్కకి మించి ఉంటే, అందులో బొగ్గు పొగ, ఫ్యాక్టరీల పొగ వాటా ఉందేమోనని చూస్తారు. ఇంగ్లండులో శాస్త్రవేత్త జాన్ డాల్టన్ 1822 డిసెంబరు గాలివానకి మాంచెస్టర్‌లో పడిన వానలోని ఉప్పుని పరీక్షించాడు. సముద్రం అక్కడికి ఎంత దూరమో చూడండి!

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఒకే తుఫానులో అన్ని ఊళ్లకీ ఒకే వాన పడదు. మన వైపు తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురు దిశలో తిరుగుతుంది. తూర్పు తీరంలో అది తీరం దాటే చోటుకి ఉత్తరాన ఉన్న ఊళ్లకి గాలి సముద్రం మీదుగా వస్తుంది, ఉప్పు మోసుకొస్తుంది. దక్షిణాన ఉన్న ఊళ్లకి నేల మీదుగా వస్తుంది, ఉప్పు తక్కువ. తీరం నుంచి లోపలికి పోయేకొద్దీ ఉప్పు గబగబా తగ్గిపోతుంది. గంటల తరబడి వాన దంచితే గాలి కడుక్కుపోయి, తర్వాతి చినుకులు తేటపడతాయి. గాలి ఎక్కువై వాన తక్కువైతేనే ఆకుల మీద ఉప్పు పేరుకుని మాడుస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక విశాఖలో చెట్లు ఎంత బోసిపోయాయో చూసినవాళ్లు మరిచిపోలేరు. గాలి దెబ్బ సరే, దానితో వచ్చే ఉప్పు కూడా ఆకుకి శత్రువేనమ్మా.

కాబట్టి నా మాట వినండి. సముద్రం దగ్గర ఇళ్లవాళ్లు మొదటి వానని వదిలెయ్యండి, డాబా కడుక్కుపోనివ్వండి. ఆ నీటిని కాచి తాగుదామనుకోకండి. మరిగిస్తే క్రిములు పోతాయి గానీ ఉప్పు పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఇంట్లో బీపీ ఉన్న పెద్దవాళ్లుంటే మరీ జాగ్రత్త. తాగడానికీ వండడానికీ నీళ్లు ముందే పట్టి మూతపెట్టుకోండి. తర్వాత పట్టిన వాన నీళ్లు గిన్నెలకీ బట్టలకీ వాడుకోండి. గాలి తగ్గగానే కరివేపాకు, మల్లె, మందార మొక్కల ఆకుల్ని మంచినీళ్లతో తడిపి కడగండి.

ఈసారి టీవీలో తుఫాను ఎక్కడ తీరం దాటుతుందో చెప్పగానే, మీ ఊరు దానికి ఉత్తరాన ఉందో దక్షిణాన ఉందో చూసుకోండి. ఉత్తరాన ఉంటే బిందెలు ముందే నింపండి, పక్కింటి వదినకీ చెప్పండి.