సూదిలో మిగిలే నెత్తురు

ఇంకు ఫిల్లరుతో ఎర్రసిరా పీల్చి, మళ్ళీ సీసాలోకి వదిలేయండి. ఫిల్లరు ఖాళీ అయినట్లే కనిపిస్తుంది. ఇప్పుడు దానితోనే గ్లాసులోని మంచినీళ్ళు పీల్చి వదలండి. నీళ్ళు గులాబిరంగుకు మారతాయి. చూశారా! ఖాళీ అనుకొన్న గొట్టంలో సిరా మిగిలే ఉంది.

సిరంజీ సంగతీ ఇంతే. మత్తుమందును నరంలోకి ఎక్కించుకొన్నప్పుడు కొంత నెత్తురు సిరంజీలోకి వస్తుంది. మందు అయిపోయినా ఆ నెత్తురు సూదిలో కొద్దిగా నిలిచిపోతుంది. అందులో హెచ్.ఐ.వి. ఉంటే, అదే సూది వాడిన రెండో మనిషి రక్తంలోకి నేరుగా చేరుతుంది.

"శరీరం బయట ఈ వైరస్ బతకదు కదా?" అని మీరడగవచ్చు. ఆరిపోయిన చోట త్వరగానే నశిస్తుంది. కాని సిరంజీ లోపల నెత్తురు అంత తొందరగా ఆరదు. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 1999, 2000 సంవత్సరాలలో ప్రచురించిన పరిశోధనల ప్రకారం, చల్లనిచోట ఉంచిన సిరంజీలలో వైరస్ ఆరు వారాల వరకు బతికి ఉండగలదు. వేడిలో ఇంకా ముందే చస్తుంది.

మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. మణిపూర్‌లో సూదితో మత్తుమందు తీసుకొనేవారి రక్తపరీక్షలలో 1989 సెప్టెంబరు వరకు ఈ వైరస్ కనిపించలేదు. ఆ తరువాత ఆరు నెలలకే పరీక్షించిన వారిలో దాదాపు సగం మందిలో కనిపించింది.

ముప్పును పెంచేవి ఏవి?

1. ఒకే సూదిని, సిరంజీని పలువురు వాడటం.
2. మందు కలిపే చెంచా, నీళ్ళు, దూది పంచుకోవడం.
3. రోజుకు ఎక్కువసార్లు పొడుచుకోవడం.
4. మత్తు దిగినప్పటి బాధలో కొత్త సూది వెతికే ఓపిక లేకపోవడం.
5. పోలీసులకు, నలుగురి మాటలకు భయపడి ఆసుపత్రికి వెళ్ళకపోవడం.
6. సురక్షితం కాని లైంగిక సంబంధాలు.

మత్తు జోలికి పోనివారికీ ఈ పాఠం అవసరమే. జగిత్యాలలోగాని, కోరుట్లలోగాని సూదిమందు వేయించుకొంటే, కొత్త సిరంజీ పొట్లాన్ని మీ ఎదుటే విప్పమని అడగండి. కొండగట్టు, వేములవాడ జాతరలలో పచ్చబొట్టు పొడిపించుకోబోయేవారికీ ఇదే చెప్పండి: ఒక మనిషికి ఒకే సూది!

అయితే మనిషిని చూసి భయపడవద్దు. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర పక్కపక్కన పనిచేసినా, ఒకే చాటలోని ఆకుతో బీడీలు చుట్టినా, కలిసి భోంచేసినా హెచ్.ఐ.వి. సోకదు.

సోకినవారికి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తుంది. రోజూ తప్పక వాడితే ఆరోగ్యంగా జీవించవచ్చు. సూదిమత్తుకు అలవాటు పడినవారికి నాలుక కింద పెట్టుకొనే బుప్రినార్ఫిన్ మాత్రతో చికిత్స ఉంది; దాంతో సూది అవసరం తగ్గుతుంది. పరీక్ష ఫలితాన్ని రహస్యంగా ఉంచాలని 2017 నాటి చట్టం చెబుతోంది. సలహాకు 1097 నంబరుకు ఫోను చేయవచ్చు. మీ ఎరుకలో ఎవరైనా ఈ ఊబిలో ఉంటే, వారిని వెలివేయకండి; ఈ నంబరు చెప్పండి.

ఆలోచించండి: ఫిల్లరును ఎన్నిసార్లు కడిగితే నీళ్ళకు రంగు రాదు? రంగు కనిపించనంత మాత్రాన సిరా అసలే లేదని చెప్పగలమా?