దాచినది ఎవరికి తెలియును?

వేదపాఠము: మత్తయి 13:44, యిర్మీయా 41:8, యెహోషువ 7:19–26



పొలములో దాచబడిన ధనమును గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానము ఒకే ఒక్క వచనము. దానిని మనమెప్పుడును ధనము దొరికినవాని పక్షమున చదువుదుము. అతని సంతోషమును గూర్చి, ఉన్నదంతయు అమ్మి ఆ పొలము కొనుటను గూర్చి ప్రసంగములు వినియున్నాము. ఈ నెల వేరొకని గూర్చి అడుగుదము. ఆ ధనమును అక్కడ పాతిపెట్టినవాడు ఎవడు? ఉపమానములో అతని మాటయే లేదు. పొలము అమ్మినవానికి సంగతి తెలిసియుండినయెడల ముందు త్రవ్వుకొని పిమ్మట అమ్మియుండును. కాబట్టి దాచినవాడు ఎవరికిని చెప్పకుండనే కన్నుమూసెనని తలంచుట సహజము.

ఆ దేశములో ధనము పాతిపెట్టుట వింత కాదు. మట్టిగోడల ఇండ్లకు దొంగలు కన్నము వేయుదురు. సైన్యములు మాటిమాటికి వచ్చును. తల్ముదులో సమూయేలు అను బోధకుడు ధనమునకు భూమియే తగిన కాపుదల అని తీర్పు చెప్పెను. (ఆ లెక్కను తలాంతును పాతిపెట్టిన దాసుడు అజాగ్రత్తపరుడు కాడు, అతని తప్పు వేరు.) యిర్మీయా దినములలో పదిమంది మనుష్యులు, పొలములో దాచిన గోధుమలు, యవలు, నూనె, తేనె తమకు కలవని ఇష్మాయేలుతో చెప్పుకొని ప్రాణములు దక్కించుకొనిరి. దాచుట వారిని రక్షించెను, నిజమే. అయితే నోరు తెరచి చెప్పినందున రక్షించెను.

చెప్పినను అర్థము కాకపోవుటయు కలదు. 1952లో మృతసముద్రపు ఒడ్డున కుమ్రాను దగ్గర 3వ గుహలో రాగిరేకు చుట్ట యొకటి దొరకెను. అది విప్పుటకు వీలుకానంతగా పెళుసెక్కియుండగా ఇంగ్లాండులోని మాంచెస్టరులో 1955, 1956 సంవత్సరములలో కోసి తెరచిరి. అందులో వెండి బంగారములు దాచిన అరువదికి పైగా చోట్లు వ్రాయబడియున్నవి. ఫలానా మెట్ల క్రింద, ఫలానా తొట్టిలో అని గుర్తులున్నవి. ఆ మెట్లు ఏవో, ఆ తొట్టి ఏదో తెలిసినవారు గతించిపోయిరి.

మన ఊళ్లలో మాత్రము తక్కువ యేమి? పోపుల డబ్బా, ఉప్పుజాడి, బియ్యపు కుండ, దూలపు సందు, అటకమీది పాత ట్రంకుపెట్టె, దిండు గలీబు — దొంగకు ఈ చోట్లన్నియు మనకంటె బాగుగా తెలియును. లంకెబిందెల కథలు వినని పిల్లవాడు లేడు. ఆ బిందెలు నిజముగా ఉండినయెడల, వాటిని పాతిన ఇంటివారు ఆకలితో ఉండిరేమో ఎవరును అడుగరు. నేల త్రవ్వగా 10 రూపాయలకు మించిన నిధి దొరకినయెడల కలెక్టరుకు తెలియజేయవలెనని 1878 నాటి చట్టము చెప్పుచున్నది. తాత పాతినదని నోటిమాటగా చెప్పినంతమాత్రమున అది మనది కాదు.

ఇప్పుడు నా తప్పు చెప్పుకొందును. మా సంఘములో ఒక వడ్రంగి ఉండెను. ఇల్లు చిన్నది, రాకపోకలు ఎక్కువ. అందుచేత రొక్కము తన పనికొట్టములో దాచెడివాడు. 2016 వేసవిలో అతనికి పక్షవాతము వచ్చి నోటిమాట పడిపోయెను. మూడు దినములు కుడిచెయ్యి ఎత్తి కొట్టమువైపు చూపుచునే యుండెను. సగములో నిలిచిన తలుపు పని గూర్చి బెంగపడుచున్నాడని మేమందరము అనుకొంటిమి. నేను ప్రక్కన కూర్చుండి కీర్తన చదివితిని, ప్రార్థించితిని. “అక్కడ ఏమున్నది? తల ఊపు” అని ఒక్కమాట అడుగలేదు. నాలుగవ దినమున అతడు ప్రభువునందు నిద్రించెను.

కుమార్తె నర్సింగు చదువు ఫీజుకు ఆ తల్లి చెవికమ్మలు తాకట్టు పెట్టెను. అవి తిరిగి రాలేదు. 2019లో కుమారుడు పాత పనిబల్లను విప్పగా మందపు దుంగలో తొలిచిన గూడు, అందులో ఒక రేకు డబ్బా కనబడెను. 500 నోట్లు 40, 1000 నోట్లు 26. మొత్తము 46 వేలు. ఆ నోట్లు 2016 నవంబరు 8 రాత్రి రద్దయ్యెను. బ్యాంకులో వేసుకొను గడువు డిసెంబరు 30తో తీరెను. అట్టివి పదికి మించి ఉంచుకొనుట 2017 చట్టము ప్రకారము నేరము కూడ. ఆమె నాతో, “అయ్యగారూ, ఆయన చెయ్యి బల్లవైపే చూపించారు గదండీ” అనెను. నాకు జవాబు దొరకలేదు.

దాచుట పాపమని నేను చెప్పను. మోషే తల్లి బిడ్డను దాచెను, రాహాబు వేగులవారిని దాచెను. త్రాగుబోతు భర్త చేతికి చిక్కకుండ పిల్లల అన్నపు డబ్బు దాచు ఇల్లాలిని నిందించువాడు ఆ ఇంటిలో ఒక వారము ఉండి చూడవలెను. అయితే ఆమెయు తన తల్లికో అక్కకో చెప్పవలెను, లేదా పోస్టాఫీసులో తన పేర ఖాతా తెరువవలెను. ఆకాను మార్గము వేరు. ప్రతిష్ఠితమైన దానిని దొంగిలి, తన పిల్లలు పండుకొను డేరాలోనే పాతెను. వారందరును ఆ గుంట ప్రక్కన నడచిరి.

కాగితపు సొమ్మునకు చెదలు పెద్ద శత్రువు. 50 రూపాయలును అంతకు పైబడిన నోటును ఒకే ముక్కగా 80 శాతమునకు మించి మిగిలినయెడల బ్యాంకువారు పూర్తి విలువ ఇత్తురు, 40 నుండి 80 వరకు ఉన్నయెడల సగము, అంతకు తక్కువైన ఏమియు లేదు. కాలిపోయి పెళుసైన నోట్లను బ్యాంకువారు తీసుకొనరు. రిజర్వు బ్యాంకు కార్యాలయమునకే పోవలెను. బ్యాంకు ఖాతాలో ఒక్కొక్కరికి 5 లక్షల వరకు బీమా కలదు. 2025 నవంబరు 1 నుండి ఖాతాకు నలుగురి వరకు నామినీలుగా వ్రాయించవచ్చును. ఒక్కరినైనను వ్రాయించనివారు మనలో ఎందరో!

వడ్రంగి ఇంటినుండి వచ్చిన రాత్రి నేను నా భార్యను పిలిచి, హార్మోనియము పెట్టె అడుగున కొంత డబ్బు ఉంచితినని చెప్పితిని. ఆమె నవ్వి, “పదేళ్లనుంచి దుమ్ము తుడుస్తున్నది నేనే గదండీ” అనెను. పిమ్మట నన్ను వంటయింటిలోనికి తీసుకొనిపోయి తనది చూపెను. అది ఎక్కడనో ఈ పత్రికలో వ్రాయను.