బానెట్‌కు సొట్ట పడితే: చేయవలసినవి, చేయకూడనివి

అడవి దారిలో కొమ్మ విరిగిపడినా, ఘాట్‌లో రాయి దొర్లినా, కోనసీమ తోటలో చెట్టు కింద ఆపిన బండి మీద కొబ్బరికాయ రాలినా ముందు దెబ్బ తినేది బానెట్టే. థార్, జిమ్నీ, గూర్ఖా, బొలెరో, ఏ బండిదైనా బానెట్ ఒట్టి రేకు కాదు. పై రేకు, దాని అడుగున లోపలి ఫ్రేము, వెనుక రెండు హింజ్‌లు, ముందు లాక్, ఆ లాక్ తప్పినా బానెట్‌ను పట్టి ఉంచే సేఫ్టీ హుక్ అన్నీ కలిసి పనిచేస్తాయి. అందరి చూపూ సొట్ట మీదే ఉంటుంది. మీరు మాత్రం ముందు లాక్ చూడండి. సొట్ట మీరే తీసుకుంటున్నా, టింకరింగ్ షెడ్డుకు ఇస్తున్నా, స్టిక్కరుతో కప్పేద్దామనుకుంటున్నా ఈ కింది సూచనలు పాటించండి.

చేయవలసినవి

దెబ్బ తగిలిన వెంటనే

• బండిని రోడ్డుకు ఎడమ అంచున ఆపి, హజార్డ్ లైట్లు వేసి, ఇంజన్ ఆపండి.

• బానెట్ ముందు అంచును రెండు చేతులతో పట్టి పైకి లాగి చూడండి. లేస్తే లాక్ సరిగా పడలేదు.

• లోపలి లివరు లాగి పరీక్షించండి. బానెట్ కొద్దిగా మాత్రమే లేచి సేఫ్టీ హుక్ దగ్గర ఆగాలి. ఎక్కడా ఆగకుండా పూర్తిగా తెరుచుకుంటే హుక్ పనిచేయడం లేదు.

• బయట రెండు పక్కలా క్లాంపులు ఉన్న బండి అయితే రెండూ సమానంగా బిగుస్తున్నాయో లేదో చూడండి.

• బానెట్‌కూ ఫెండర్లకూ మధ్య సందు గమనించండి. ఒక పక్క వెడల్పుగా, మరో పక్క ఇరుకుగా ఉంటే హింజ్ వంగి ఉండవచ్చు.

• టార్చి వేసి లోపల చూడండి. నొక్కుకుపోయిన రేకు బ్యాటరీ టెర్మినల్‌కు తగిలితే మంటలు పుడతాయి.

• లాక్ మీద అనుమానం ఉంటే బానెట్‌ను గట్టి రాచెట్ పట్టీతో ముందు టోయింగ్ హుక్‌కు కట్టి, దగ్గరి షెడ్డు దాకా మాత్రమే నెమ్మదిగా నడపండి.

• దారిలో హైవే తగిలితే నడపడం మాని టోయింగ్ బండిని పిలిపించండి.

• నంబరు ప్లేటు కనబడేలా ఒక ఫొటో, సొట్టకు దగ్గరగా ఒకటి, బానెట్ లోపలివైపు ఒకటి తీసి ఉంచుకోండి.

• ఇన్సూరెన్స్ క్లెయిము వేయాలా వద్దా అన్నది సుత్తి పట్టకముందే తేల్చుకోండి. ప్రైవేటు కారుకు 1500 సీసీ వరకు 1,000 రూపాయలు, అది దాటితే 2,000 రూపాయలు ప్రతి క్లెయిములోనూ మీ జేబులోంచే పోతాయి. ఐదేళ్లు క్లెయిము లేకుండా సంపాదించుకున్న 50 శాతం నో క్లెయిమ్ బోనస్‌కూ గండి పడుతుంది. అరచేతంత సొట్టకు ఆ నష్టం దండగే.

• క్లెయిము వేసేటట్లయితే సర్వేయరు వచ్చి చూసే దాకా సొట్టను ఉన్నది ఉన్నట్టే ఉంచండి.

పని మొదలుపెట్టే ముందు

• బానెట్ మీద చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఉక్కు. అంటుకోకపోతే అల్యూమినియం గానీ, ఫైబర్ గానీ, పాత యజమాని పూయించిన మందపాటి పుట్టీ గానీ అయి ఉంటుంది.

• అల్యూమినియం బానెట్‌ను ఆ పనికి విడిగా పనిముట్లు ఉంచుకునే షెడ్డుకే ఇవ్వండి. ఉక్కు రేణువులు అంటుకుంటే తర్వాత రంగు కింద పొక్కులు లేస్తాయి. 2018 మోడల్ నుంచి జీప్ రాంగ్లర్ బానెట్ ఈ కోవలోదే.

• రంగు పగిలిందేమో వెలుతురులో పక్కవాటుగా చూడండి.

• రంగు చెక్కుచెదరకపోతే పెయింట్‌లెస్ డెంట్ రిపేరు అడగండి. లోపలి నుంచి రాడ్లతో నొక్కి తీస్తారు, పుట్టీ అక్కర్లేదు, కంపెనీ రంగు మిగులుతుంది.

• ఇంజన్, రేడియేటరు పూర్తిగా చల్లారాకే బానెట్ కింద చేయి పెట్టండి.

• బ్యాటరీ నెగటివ్ వైరును ముందుగా విప్పి కొన్ని నిమిషాలు ఆగండి. ఎయిర్‌బ్యాగ్ సెన్సర్లు బండి ముందు భాగంలోనే ఉంటాయి.

• హింజ్ బోల్టుల చుట్టూ మార్కర్‌తో గీత గీయండి. తిరిగి బిగించేటప్పుడు బానెట్ అదే చోట కూర్చుంటుంది.

• వాషర్ పైపు, లైటు వైర్లు ఊడదీశాకే బానెట్ ఎత్తండి.

• బానెట్ దించేటప్పుడు చెరోపక్క ఒకరు చొప్పున ఇద్దరు పట్టుకోండి.

• బానెట్ విప్పకుండా పని చేస్తుంటే సపోర్ట్ రాడ్డుతో పాటు గట్టి కర్ర కూడా దన్నుగా పెట్టండి.

సుత్తి, పుట్టీ, రంగు

• కళ్లద్దాలు, గ్లవ్స్, చెవులకు ప్లగ్గులు పెట్టుకోండి.

• సొట్ట అంచుల నుంచి నడిమికి రండి; రేకుకు అవతలి వైపు డాలీ అనే ఇనుప దిమ్మ ఆనించి చిన్న చిన్న దెబ్బలు వేయండి.

• రేకు దాదాపు సమం అయ్యాకే పుట్టీ తీయండి. పుట్టీ మందం 3 మిల్లీమీటర్లు దాటనివ్వకండి.

• తుప్పు ఉంటే మెరిసే రేకు కనబడే దాకా తీయండి, వెంటనే ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి. విశాఖ, కాకినాడ లాంటి తీర పట్టణాల ఉప్పుగాలిలో ఇందుకు ఒక్క రోజు ఆలస్యం చేసినా పని మళ్లీ మొదటికొస్తుంది.

• హార్డెనర్‌ను డబ్బా మీద చెప్పిన పాళ్లలోనే కలపండి, సాధారణంగా నూటికి రెండు పాళ్లు. ఎక్కువైతే పైరంగులోకి మరక ఊరుతుంది, తక్కువైతే పుట్టీ గట్టిపడదు.

• పుట్టీని పొడిగానే రుద్దండి, దుమ్ము మాస్కు పెట్టుకోండి. మన షెడ్లలో నీళ్ల పేపరు అలవాటు ఎక్కువ. పుట్టీ ఆ తేమను పీల్చి, కింద రేకుకు తుప్పు పట్టిస్తుంది.

• పెయింట్ కోడ్‌ను బండి మీది ప్లేటు చూసి చెప్పండి. కంటి అంచనాతో కలిపిన రంగు ఎండలో తేడా కొడుతుంది.

• హార్డెనర్ కలిపే 2కే రంగు, క్లియర్ కోటు పని పెయింట్ బూత్ ఉన్న చోటే చేయించండి.

• డబ్బాలకు మూతలు బిగించి, పిల్లలకు అందని ఎత్తున పెట్టండి.

తిరిగి రోడ్డెక్కే ముందు

• లాక్, హుక్, హింజ్‌లు మూడింటికీ గ్రీజు పెట్టి, బానెట్‌ను చాలాసార్లు తెరిచి మూసి చూడండి.

• నెమ్మదిగా కొంత దూరం నడిపి, ఆపి, బోల్టులు మళ్లీ బిగించండి.

• మొదటి గతుకుల దారి దాటాక ఇంకోసారి చూడండి. వదులైన బోల్టు అక్కడే బయటపడుతుంది.

కప్పిపుచ్చే ముందు ఒక మాట

లాక్, హింజ్‌లు, లోపలి ఫ్రేము బాగున్నాయని తేలాక చిన్న సొట్టను అలాగే వదిలేసినా, కప్పేసినా తప్పు లేదు. కొండలెక్కే బండికి మచ్చ అందమేననే వాళ్లతో మాకు పేచీ లేదు. నిగనిగలాడే రంగులో వెలుతురు వంగి కనబడుతుంది కాబట్టే సొట్ట బయటపడుతుంది. మ్యాట్ నలుపు స్టిక్కరు ఆ మెరుపును చంపుతుంది, అందుకే లోతు లేని సొట్టలు దాని కింద కలిసిపోతాయి. ర్యాలీ బండ్ల బానెట్‌లకు నలుపు వేసేది మాత్రం ఎండ డ్రైవరు కళ్లలోకి కొట్టకుండా. లోతైన సొట్టను ఏ స్టిక్కరూ దాచలేదు. పలచని ఫిల్ము గుంటలోకి దిగి దాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది.

చేయకూడనివి

ఇంటి చిట్కాలు

• సలసల కాగే నీళ్లు పోయకండి. అది ప్లాస్టిక్ బంపరుకు పనికొచ్చే చిట్కా, ఉక్కు రేకు మీద నీళ్లు చిందితే కాలేది మీ చేయే.

• డ్రై ఐస్ రుద్దకండి. సున్నాకు 78 డిగ్రీలు దిగువన ఉండే ఆ ముక్క చర్మాన్ని నిమిషాల్లో చంపుతుంది, మూసిన షెడ్డులో ఊపిరాడనివ్వదు.

• గ్యాస్ మంటతో కాల్చకండి. అడుగున అంటించిన ఇన్సులేషన్ షీటు అంటుకుంటుంది.

• లోపలి నుంచి మోకాలితోనో, పాదంతోనో తన్నకండి. సొట్ట తేలేలోపు ఫ్రేము వంగుతుంది.

• ఒకే చోట అదే పనిగా కొట్టకండి; రేకు సాగిపోయి, వేలు పెడితే టపటపలాడుతుంది, ఆపైన బానెట్ మార్చాల్సిందే.

• ఎండలో కాగిన బానెట్ మీద సక్షన్ కప్పు పెట్టి ఒక్క ఊపుతో లాగకండి. పాత రంగు పెచ్చుగా ఊడి వస్తుంది.

షెడ్డులో

• సొట్ట దాకా చేయి అందడం లేదని లోపలి ఫ్రేమును కోయనివ్వకండి. బానెట్ ఎక్కడ గట్టిగా ఉండాలో, ఎదుటి మనిషి తల తగిలితే ఎక్కడ లొంగాలో ఆ ఫ్రేమును బట్టే ఉంటుంది. పాదచారుల రక్షణకు మన దేశంలో ఏఐఎస్-100 అనే ప్రమాణమే ఉంది. ‘ఎవరికి కనబడుతుంది సార్’ అంటే బండిని వెనక్కి తెచ్చుకోండి.

• బ్యాటరీ వైరు విప్పకుండా వెల్డింగ్ చేయనివ్వకండి.

• గ్రైండరుకు గార్డు తీసి వాడకండి. పగిలిన డిస్కు ముక్క ముఖానికే వస్తుంది.

• వంగిన హుక్‌ను సుత్తితో సరిచేసి సరిపెట్టుకోకండి, కొత్తది వేయించండి.

• తుప్పు మీద గానీ, పగిలిన రంగు మీద గానీ పుట్టీ పెట్టించకండి.

• థిన్నరు ఉన్న చోట బీడీ, అగరొత్తి, పొయ్యి ఏవీ వెలిగించకండి. దాని ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతూ దూరాన ఉన్న నిప్పును చేరుతుంది.

• థిన్నరును నీళ్ల సీసాలో, కూల్‌డ్రింకు సీసాలో పోయకండి. దాహంతో వచ్చిన పిల్లలకు అది నీళ్లలాగే కనబడుతుంది.

• థిన్నరుతో చేతులు కడుక్కోకండి.

• చేతిరుమాలు కట్టుకుని 2కే రంగు కొట్టకండి, కొట్టేవాళ్ల పక్కన నిలబడకండి. హార్డెనర్‌లోని ఐసోసయనేట్లకు బట్ట మాస్కు అడ్డు కాదు, వాసన తెలియకుండానే ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి. ఒకసారి ఒంటికి పడక ఉబ్బసం మొదలైతే తర్వాత చుక్క పీల్చినా అది తిరగబెడుతుంది.

• ముసురు పట్టిన రోజు ఆరుబయట రంగు కొట్టించకండి. తేమకు రంగు పాలిపోయి తెల్లగా తేలుతుంది.

కప్పేటప్పుడు

• ఆలివ్ గ్రీన్ వేయకండి, ఎంత ముచ్చటగా ఉన్నా. రక్షణ శాఖ బండ్లకు తప్ప మరెవరికీ ఆ రంగు కుదరదని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వది చెబుతోంది. ఆ ఛాయ కలిసిన మిలిటరీ మచ్చల స్టిక్కరు వేసి చెక్‌పోస్టులో వాదన పెట్టుకోకండి.

• ఆర్టీవో ఆఫీసులో రాయించకుండా బండి మొత్తం రంగు మార్చకండి. ఆర్సీలో ఒక రంగు, రోడ్డు మీద ఒక రంగు ఉంటే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద చిక్కు. కంపెనీ ఇచ్చిన రూపానికి విరుద్ధంగా మార్పులు కుదరవని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

• సొట్టకు అడ్డంగా బుల్ గార్డు బిగించకండి. ఢీకొన్నప్పుడు పాదచారికీ, బండిలో ఉన్నవాళ్లకూ ముప్పేనని 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ వాటిపై చర్యలు తీసుకోమని రాష్ట్రాలకు రాసింది.

• స్కూప్ బిగించడానికి బానెట్‌కు రంధ్రం కోయకండి. వానా, వాగు నీళ్లూ నేరుగా ఇంజన్ మీదికి దిగుతాయి.

• స్టెపినీ గానీ, డీజిల్ క్యాను గానీ బానెట్ మీద కట్టకండి. ముందు నడిచే చిన్నపిల్ల దాని వెనుక దాగిపోతుంది.

• పచ్చి పుట్టీ మీద, ఊడుతున్న రంగు మీద ఫిల్ము అతికించకండి. మొదటి ఎండాకాలానికే అంచు లేస్తుంది.

• దెబ్బకు కారణం ఇన్సూరెన్స్ కాగితం మీద మార్చి రాయకండి. క్లెయిము మొత్తం పోతుంది.

• బండి అమ్మేటప్పుడు పుట్టీ సంగతి దాచకండి; కొనేవాడి చేతిలో కూడా అయస్కాంతం ఉంటుంది.

దారిలో

• లంబసింగి మంచులో, అనంతగిరి మలుపులో ఫొటో కోసం బానెట్ మీద ఎవరినీ కూర్చోబెట్టకండి. సొట్టల్లో కొన్ని పుట్టేదే అక్కడ.

• పట్టీతో కట్టిన బానెట్‌తో రాత్రిపూట నడపకండి.

• బానెట్ తెరిచి ఉన్నప్పుడు పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

• నడుస్తుండగా బానెట్ లేచి అద్దాన్ని కప్పేస్తే ఒక్కసారిగా బ్రేకు తొక్కకండి, స్టీరింగ్ విదిలించకండి. తల వంచి బానెట్ అడుగు సందులోంచి గానీ, పక్క కిటికీలోంచి గానీ దారి చూడండి. హజార్డ్ లైట్లు వేసి, వేగం మెల్లగా తగ్గించుకుంటూ ఎడమ అంచుకు చేరండి. ఆగాక వెనుక వచ్చే బండ్లు చూసుకోకుండా డ్రైవరు డోరు తెరవకండి.